పక్షులకు చందా: ఏ దారిన వచ్చిన డబ్బు ఏ పనికి సరిపోతుంది

గూటి అంచు నుంచి జారిన గూడబాతు (పెలికన్) పిల్ల గట్టి నేల మీద పడితే బతకడం అరుదు. చెట్టు కింద మనిషెత్తుకు కాస్త పైగా వల కట్టి ఉంటే చాలాసార్లు బతుకుతుంది. చేపల వలలు అమ్మే దుకాణంలో దొరికే మామూలు నైలాన్ వల, నాలుగు వెదురు గుంజలు, కట్టడానికి ఇద్దరికి ఒక పూట కూలి: ఆ పనికి ఇంతకు మించి ఖర్చు లేదు. అయితే గుడ్లు పిల్లలయ్యేలోగా అది కట్టి ఉండాలి. మా చిన్న బృందానికి పద్దులు రాసేది నేనే గనుక ఒక సంగతి దాచకుండా చెబుతాను. ఒక ఏడాది ఒక కంపెనీ నుంచి సాయం మంజూరైనట్టు ఉత్తరం దీపావళికి ముందే వచ్చింది, డబ్బు మాత్రం మార్చి మూడో వారంలో ఖాతాలో పడింది. అప్పటికి చింతచెట్ల మీద ఖాళీ గూళ్ళు, కింద ఎండిన రెట్ట మిగిలాయి. ఆ డబ్బుతో వలలు కొని, అట్టపెట్టెల్లో సర్ది, తరువాతి ఏడు దాకా ఊళ్ళో ఒక గదిలో దాచాం. వాటిలో రెండింటిని ఎలుకలు కొరికేశాయి.

అందువల్ల అడవి పక్షుల కోసం, అవి గూళ్ళు కట్టే చెట్ల కోసం, మేత వెతుక్కునే చెరువుల కోసం డబ్బు కూడగట్టాలనుకునేవారు "ఏ పద్ధతిలో ఎక్కువ వస్తుంది" అని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను. ఎంత వస్తుందన్నదానితో పాటు ఏ నెలలో వస్తుంది, ఎన్నేళ్ళు వస్తుంది, ఏ షరతుతో వస్తుంది అన్న ప్రశ్నలు కూడా వేసుకుంటే తప్ప పద్ధతులను పోల్చడం కుదరదు. ఇక్కడ నేను రాస్తున్నది ముఖ్యంగా మనుషుల మధ్యనే గూళ్ళు కట్టే పక్షులున్న ఊళ్ళ గురించి: శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, తేలుకుంచి, గుంటూరు పక్కన ఉప్పలపాడు, చిలమత్తూరు దగ్గర వీరాపురం వంటి చోట్లు. అభయారణ్యం లోపలి సంగతి వేరు. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా మన సొమ్ముతోనైనా మనం ఒక గుంట తవ్వలేం, కాబట్టి అక్కడి పనికి చందా అడిగే ముందే శాఖ ఆ పనికి రాతపూర్వకంగా ఒప్పుకుందో లేదో చూసుకోవాలి.

ముందు ఖర్చుల పట్టీ

పక్షుల ఊళ్ళో ఏటా తప్పనిసరిగా వచ్చే ఖర్చులు చిన్నవి, కానీ ఆగనివి. గూళ్ళ కాలంలో కాపలా మనిషికి కూలి, వలలు, తల్లి వదిలేసిన పిల్లలకు చేపలు, చెట్ల కింద చల్లడానికి సున్నం, బ్లీచింగ్ పౌడరు. రెట్ట వాసన గురించి బైనాక్యులర్లు పట్టుకొని వచ్చేవారు మాట్లాడరు గానీ, ఆ చెట్టు కిందే ఇల్లున్న కుటుంబం వాకిట్లో బట్టలు ఆరేసుకోలేదు, నీళ్ళ తొట్టికి మూత తీసి ఉంచలేదు. చింతచెట్టు వారిదే అయితే కాపు కూడా పోతుంది. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో పక్షులు గూళ్ళు కట్టిన చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం చెల్లించే పద్ధతి ఉంది. అటువంటి ఏర్పాటు లేని ఊళ్ళో ఆ లోటు చందాలతోనే పూడ్చాలి, లేదంటే ఆ కుటుంబం ఓర్పు మీద ఆధారపడాలి. ఓర్పును ఏటా అప్పు తెచ్చుకోవడం నాకు న్యాయంగా తోచదు.

రెండో రకం ఖర్చు ఒక్కసారికే అయినా పెద్దది: చెరువు పూడిక తీయడం, గట్టు బాగుచేయడం, గూళ్ళకు పనికివచ్చే చెట్లు నాటడం. చెట్ల విషయంలో చాలామంది మొక్క ధర లెక్కేసి సరిపెడతారు, నిజానికి మొక్కకన్నా దానికి మూడేళ్ళు నీళ్ళు పోసి మేకల నుంచి కాపాడడానికే ఎక్కువ అవుతుంది. మూడో రకం చెప్పకుండా వచ్చేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం తీరాన్ని దెబ్బతీసినది సరిగ్గా తేలినీలాపురానికి పక్షులు చేరుకునే కాలంలోనే.

ఈ మూడింటికీ తోడు పక్షుల పంచాంగం ఒకటుంది. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు జూన్‌లో తొలకరితో వచ్చి నవంబరు నాటికి వెళ్ళిపోతాయి. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు నుంచి వేసవి మొదలయ్యే దాకా ఉంటాయి. వీరాపురం చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగల సందడి చలికాలం చివర మొదలవుతుంది. అంటే మూడు ఊళ్ళకు ఒకే నెలలో డబ్బు ఇస్తే ఒక ఊరికి అది ముందుగా, ఇంకో ఊరికి ఆలస్యంగా అందుతుంది. పద్ధతులను పోల్చేటప్పుడు ఈ పంచాంగం పక్కనే పెట్టుకోవాలి.

నెలనెలా చిన్న చందా

ఉన్న దారుల్లో ఇది అన్నిటికన్నా నెమ్మది, అన్నిటికన్నా నమ్మదగినది. ఇంగ్లండులో 1889లో, టోపీలకు పక్షి ఈకలు పెట్టుకునే వేడుకను అడ్డుకోవాలని కొందరు స్త్రీలు మొదలుపెట్టిన చిన్న సంఘమే తరువాత రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ అయింది. ఈనాడు దానికి పది లక్షలకు పైగా సభ్యులున్నారు, ఆ సభ్యత్వాల అండతోనే అది భూములు కొని పక్షులకు కేటాయించగలుగుతోంది. మనకు అంత అక్కర్లేదు. నూరు మంది నెలకు 100 రూపాయలు ఇస్తే ఏడాదికి 1,20,000 అవుతుంది, వారిలో సగం మంది మధ్యలో జారిపోయినా 60,000 మిగులుతుంది. ఒక ఊరి కాపలాకు, వలలకు, సున్నానికి దీన్ని నమ్ముకొని ముందుగా మాట ఇవ్వవచ్చు. కాపలా మనిషికి "వచ్చే ఏడాది కూడా నువ్వే" అని చెప్పగలిగే స్థితి ఈ పద్ధతిలోనే వస్తుంది. ఏ చెట్టు మీద ఏ జంట ఏ కొమ్మను ఎంచుకుంటుందో మూడు నాలుగేళ్ళు చూసిన మనిషికి తెలిసినట్టు కొత్తవాడికి తెలియదు.

దీని లోపం మన ఓపికకు సంబంధించినది. నెలకు 100 ఇచ్చేవారు 10,000 ఒక్కసారి ఇచ్చినవారికన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు, అడగడం వారి హక్కు. నెలకొక చిన్న ఉత్తరం, అందులో ఒక ఫోటో, ఖర్చు పద్దు రెండు వరుసలు పంపకపోతే ఆరు నెలల్లో చందాలు పలచబడతాయి. యూపీఐలో నెలవారీ చెల్లింపుకు ముందే అనుమతి తీసుకునే సౌకర్యం వచ్చాక గుర్తుచేసే ఇబ్బంది కొంత తగ్గింది.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఒకరి సొంత ఖాతాలోకి, సొంత ఫోన్ నంబరుకు డబ్బు తీసుకోవడం మాత్రం మొదటి నెల నుంచే మానుకోవాలి. ఎంత నిజాయితీపరుడైనా ఆ సొమ్ము అతని ఆదాయంలో కలిసి కనబడుతుంది, ఇంట్లో ఏదైనా అనుకోనిది జరిగితే ఖాతాతో పాటు చందా కూడా ఇరుక్కుంటుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ నమోదు చేసుకోవచ్చు. లేదా సబ్‌రిజిస్ట్రారు దగ్గర ట్రస్టు దస్తావేజు రాయించుకోవచ్చు. అంత తలనొప్పి ఇప్పుడే వద్దనుకుంటే, ఇప్పటికే నమోదై ఏటా ఆడిట్ చేయించుకుంటున్న ట్రస్టును అడిగి, దాని పద్దుల్లో మన పనికి ప్రత్యేకంగా ఒక శీర్షిక తెరిపించుకోవడం మేలు.

పన్ను రాయితీ చూపి చందా అడిగేవారు ఒక విషయం సూటిగా చెప్పాలి. పాత ఆదాయపు పన్ను చట్టంలో 80జి అని అందరికీ అలవాటైన రాయితీ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, వేరుగా కోరుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తోంది గనుక ఉద్యోగుల్లో చాలామందికి ఆ రాయితీ అందదు. అందేవారికి కూడా మామూలుగా విరాళంలో సగమే ఆదాయం నుంచి తగ్గుతుంది: 10,000 ఇస్తే 5,000 తగ్గి, 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 1,560 రూపాయలు మిగులుతాయి. 2,000 దాటిన నగదుకు రాయితీ అసలే లేదు. రాయితీ కోసమే ఇచ్చే దాత మొదటి ఏడాదితోనే వెళ్ళిపోతాడు, పక్షుల కోసం ఇచ్చేవాడు రాయితీ సంగతి రసీదు చూశాక అడుగుతాడు. నా పుస్తకంలో నేను చూసినంత వరకు ఇంతే.

ఒక్కసారి పిలుపు, పక్షుల పందెం

ఇంటర్నెట్ వేదికల మీద ఒక కథ, ఒక ఫోటో పెట్టి లక్ష్యం ప్రకటించే పద్ధతి తుఫాను, వ్యాధి, కూలిన చెట్టు వంటి హఠాత్తు ఖర్చులకు బాగా పనికివస్తుంది, ఎందుకంటే దానికి అత్యవసరమే ఇంధనం. అదే పద్ధతిని కాపలా కూలికి వాడితే రెండో ఏడాదికి ఎవరూ కదలరు. ఏటా ప్రమాదం వచ్చిందని రాయాల్సి వస్తుంది, అది క్రమంగా అబద్ధానికి దారి తీస్తుంది. వేదిక ఎంత రుసుము కోస్తుందో, చెల్లింపు రుసుము వేరే ఉందో, లక్ష్యం చేరకపోతే డబ్బు ఏమవుతుందో ముందే చదువుకోవాలి. గాయపడ్డ పిల్లను చేతిలో పట్టుకొని దిగిన ఫోటోకు విరాళాలు ఎక్కువ వస్తాయన్నది నిజమే గానీ, అడవి పక్షిని అనుమతి లేకుండా పట్టుకొని ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చిక్కు తెస్తుంది. ముందు అటవీశాఖకు కబురు, తరువాతే కెమెరా.

పక్షుల పందెం ఇంకొంచెం సరదా దారి. ఒక జట్టు ఒక రోజులో ఎన్ని జాతుల పక్షులను చూస్తే జాతికి ఇంత చొప్పున దాతలు ఇస్తామని ముందే మాట ఇస్తారు. అమెరికాలోని న్యూజెర్సీలో 1984 నుంచి జరుగుతున్న పోటీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా సాగుతుంది. జాతికి 20 రూపాయల చొప్పున 50 మంది మాట ఇచ్చారనుకుందాం. జట్టు 90 జాతులు చూస్తే 90,000 వస్తుంది. కాలేజీ విద్యార్థులకు, ఐటీ కంపెనీల్లో పక్షులను చూసే జట్లకు ఇంతకన్నా అనువైనది లేదు, ఖర్చు పెట్రోలుకే. అయితే అంకె పెంచుకోవాలన్న ఆశ గూళ్ళ దగ్గరికి తోస్తుంది, ఫోన్‌లో కూతలు మోగించి పక్షులను బయటికి రప్పించే అలవాటుకు తోస్తుంది. గూళ్ళు ఉన్న చెరువును లెక్కలో నుంచి తీసేస్తామని నియమాల్లో రాయని పందేనికి నేను చందా ఇవ్వను.

కంపెనీల సీఎస్ఆర్ డబ్బు

పెద్ద మొత్తం అంటే అందరి చూపూ ఇటే తిరుగుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనుల మీద ఖర్చు చేయాలి. దీన్నే సీఎస్ఆర్ అంటారు. ఏ పనుల మీదన్నది ఏడవ షెడ్యూలు చెబుతుంది. అందులో పర్యావరణ సమతుల్యత, వృక్షజాలం, జంతుజాలం రక్షణ ఉన్నాయి గనుక పక్షుల పనికి చట్టపరంగా అడ్డేమీ లేదు. అడ్డంతా మన అర్హతలో ఉంటుంది. డబ్బు అందుకునే సంస్థకు పాత ఆదాయపు పన్ను చట్టంలో 12ఏబీ, 80జి అని పిలిచే నమోదులు, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నమోదు సంఖ్య ఉండాలి, అటువంటి పనుల్లో మూడేళ్ళ అనుభవం చూపాలి. నిన్న మొన్న పుట్టిన బృందం ఇవన్నీ తెచ్చుకునే దాకా అనుభవమున్న ట్రస్టుతో కలిసి వెళ్ళడం తప్ప దారి లేదు.

ఇక కాలం సంగతి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి చాలా కంపెనీల్లో కేటాయింపులు జనవరి తరువాత ఊపందుకుంటాయి, చెల్లింపులు మార్చిలో గుట్టగా పడతాయి. వీరాపురం వంటి చోటికి అది కొంత నయం. తేలినీలాపురం వంటి చోట అది పక్షులు వెళ్ళిపోయే వేళ. తేలుకుంచిలో అప్పటికి పక్షే లేదు. మేము వలలు దాచుకున్న కథ ఇదే. దీనికి విరుగుడు చట్టంలోనే ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది: ఒక పనిని కంపెనీ బోర్డు "కొనసాగే ప్రాజెక్టు"గా తీర్మానిస్తే మొదలైన సంవత్సరం కాక మరో మూడేళ్ళ దాకా ఆ డబ్బును విడతలుగా ఖర్చు చేయవచ్చు, ఆ ఏడు ఖర్చుకాని మొత్తాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచుతారు. కాబట్టి దరఖాస్తులోనే ఏ నెలలో ఏ విడత కావాలో రాసి, ఆ మాట వాడి అడగాలి. అడగకపోతే వారంతట వారు చెప్పరు, ఎందుకంటే ఒక ఏడాదిలో తెగిపోయే పనే పద్దులు రాసేవారికి సుఖం.

షరతుల విషయంలో ఒక చిన్న గొడవ కూడా చెప్పాలి. మేము సాయం అడిగిన కంపెనీలవారిలో ఒకరికి చెరువు గట్టు మీద తమ పేరుతో పెద్ద బోర్డు, రాత్రి దానికి దీపాలు కావాలట. గూళ్ళ మధ్య రాత్రంతా దీపం వద్దని నచ్చజెప్పడానికి మూడు సార్లు కలవాల్సి వచ్చింది, చివరికి బోర్డు బస్టాండు దగ్గర పెట్టించుకోవడానికి ఒప్పుకున్నారు. పూడికతీత, కంచె, మూడేళ్ళ మొక్కల పెంపకం వంటి పెద్ద పనులకు ఈ డబ్బును మించినది లేదు. కాపలా మనిషి జీతానికి మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. కంపెనీ లాభం తగ్గినా, అధికారి మారినా, వచ్చే ఏడాది అభిరుచి పక్షుల నుంచి పాఠశాలలకు మళ్ళినా అతని కూలి ఆగిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు

మన ఊళ్ళలో ఏ మంచి పనికైనా మొదట గుర్తొచ్చేది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువు. తప్పు జరిగేదీ ఇక్కడే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, చూసేది మనిషి ఎక్కడున్నాడన్నది కాదు, అతని చేతిలో ఏ దేశపు పాస్‌పోర్టు ఉందన్నది. భారత పౌరుడిగానే ఉండి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే ఇంటి అన్న అమెరికా పౌరసత్వం తీసుకొని ఓసీఐ కార్డుతో తిరుగుతుంటే అతను ఇచ్చిన వంద రూపాయలైనా విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. అక్కడి తెలుగు సంఘం తన ఖాతా నుంచి పంపినా అంతే.

నమోదు తెచ్చుకుందామంటే సంఘానికి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద 15 లక్షల ఖర్చు ఉండాలి. వచ్చే డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తరువాత నమోదున్న సంస్థ ఆ సొమ్మును ఇంకో సంస్థకు మళ్ళించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అందువల్ల "పెద్ద సంస్థ తీసుకొని మా చిన్న సంఘానికి ఇస్తుందిలే" అన్న పాత ఉపాయం ఇప్పుడు చెల్లదు. ఆ పెద్ద సంస్థే మన ఊరి పనిని తన సొంత పనిగా చేయాలి. విదేశాల్లో ఉన్నవారికి నా సలహా రెండు మాటలు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు నేరుగా నెలవారీ చందాలో చేరండి, పంపేటప్పుడు పౌరసత్వం గురించి ఒక సంతకం చేసిన కాగితం కూడా పంపండి. పౌరసత్వం మారినవారు ఎఫ్‌సీఆర్ఏ నమోదున్న సంస్థను ఎంచుకొని, అది మీ జిల్లాలో నేరుగా పని చేస్తోందా అని అడిగి ఇవ్వండి. అక్కడి పన్ను మినహాయింపు కావాలంటే అక్కడి చట్టం గుర్తించిన సంస్థ ద్వారానే వెళ్ళాలి.

ప్రవేశ రుసుము, పండగ, ఊరి నిధి

చూడవచ్చేవారి దగ్గర టికెట్టు పెట్టడం వినడానికి అన్నిటికన్నా సహజంగా ఉంటుంది. అయితే టికెట్టు డబ్బు ఏ ఖాతాకు వెళ్తుందన్నదే అసలు ప్రశ్న. అది సాధారణ పద్దులో కలిసిపోతే పక్షులు ఎంత మందిని రప్పించినా వాటి కాపలాకు ఒక్క రూపాయి తిరిగి రాదు. ఈ విషయంలో అమెరికా బాతుల స్టాంపు నుంచి, అంటే నీటిపక్షుల వేటకు అక్కడి ప్రభుత్వం అమ్మే అనుమతి స్టాంపు నుంచి నేర్చుకోవచ్చు. 1934లో ఒక డాలరుతో మొదలైన ఆ స్టాంపు ధర ఇప్పుడు 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు పక్షులుండే చిత్తడి నేలలు కొనడానికి, కౌలుకు తీసుకోవడానికి వెళ్ళాలని చట్టమే కట్టడి చేసింది, 60 లక్షల ఎకరాలకు పైగా అలా కాపాడారు. వేటగాళ్ళకు అది తప్పనిసరి, కానీ తుపాకి పట్టనివారు కూడా కొంటారు. మన దగ్గర అంత కట్టుదిట్టం కావాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో ఏర్పడే జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, దానికి అనుబంధంగా స్థానిక జీవవైవిధ్య నిధి దగ్గరి దారి. కమిటీ కాగితం మీద ఉండి సమావేశమే కాని ఊళ్ళు ఎక్కువ గనుక, ముందు దాని మినిట్స్ పుస్తకం ఎక్కడుందో కనుక్కోవడం మంచిది.

పండగల విషయంలో నాకు రెండు మనసులు. నేలపట్టు, పులికాట్ పక్షుల పేరుతో సూళ్ళూరుపేటలో ప్రభుత్వం జరిపే ఫ్లెమింగో పండగ 2001లో మొదలైంది. గూడబాతును ఎన్నడూ చూడని పిల్లలు అక్కడికి వస్తారు, అది చిన్న లాభమేమీ కాదు. కానీ అది డబ్బు ఖర్చు చేసే పండగ, కూడబెట్టేది కాదు. ఇంగ్లండులో రట్లండ్ వాటర్ అనే జలాశయం ఒడ్డున 1989 నుంచి ఏళ్ళ తరబడి నడిచిన పక్షుల సంతలో దుకాణాల అద్దె, టికెట్టు మీద వచ్చిన మిగులును ఆ ఏటికి ఎంచుకున్న ఒక పనికి ప్రకటించి ఇచ్చేవారు. సంత జరిగేది ఆగస్టులో, అంటే అక్కడి గూళ్ళ కాలం దాటాక. మన ఊళ్ళో చిన్న మేళా పెట్టాలనుకునేవారు ఆ రెండు సంగతులూ పట్టుకుంటే చాలు: మిగులు ఎవరికో ముందే చెప్పడం, మైకు గూళ్ళకు దూరంగా, పక్షులు లేని నెలలో పెట్టడం.

క్యాలెండర్లు, కప్పులు, టీషర్టులు అమ్మడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెట్టుబడి ఇరుక్కుంటుంది, సంక్రాంతి దాటాక మిగిలిన క్యాలెండర్లు ఎవరూ కొనరు. అస్సాంలో హర్‌గిలా కొంగ బొమ్మలను చీరలు, గమ్చాల మీద నేసే మహిళల సంగతి ఇందుకు మినహాయింపు. పూర్ణిమా దేవి బర్మన్ చొరవతో కూడిన ఆ మహిళల దండులో అమ్మకం నుంచి వచ్చే ఆదాయం ముందు నేసినవారి ఇంటికి వెళ్తుంది, గూడున్న చెట్టును నరకవద్దనే మాట ఆ ఇంటి నుంచే వస్తుంది. మగ్గం ఉన్న ఊళ్ళో ఇది ఆలోచించదగినది. లక్కీ డ్రా టికెట్లు మాత్రం వద్దు; మన రెండు రాష్ట్రాల్లోనూ లాటరీలకు అనుమతి లేదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ఊళ్ళోనే ఉండి పదిమందిని కూడగట్టగలిగినవారు నెలవారీ చందాతో మొదలుపెట్టండి, ఒక గూళ్ళ కాలం ఖర్చుకు సమానమైన మొత్తం ఖాతాలో నిలిచే దాకా ఇంకే పెద్ద పనికీ మాట ఇవ్వకండి. ఆ నిల్వే తుఫాను వచ్చిన రాత్రి చేతికందుతుంది. పిలుపు ఇచ్చి డబ్బు వచ్చే దాకా ఆగితే ఆ రాత్రి పని జరగదు. చెరువు పూడిక వంటి పని పైబడితే అప్పుడు, మూడేళ్ళ లెక్కలు చేతిలో పట్టుకొని, ట్రస్టుతో కలిసి జూలై ఆగస్టుల్లోనే కంపెనీ తలుపు తట్టండి. నగరంలో ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు తప్ప తీరికలేనివారు కొత్త సంఘం పెట్టకండి. పందెం ఒకటి నడిపి, వచ్చింది ఊళ్ళో ఇప్పటికే పని చేస్తున్నవారికి ఇవ్వండి. ఒక ఊరితో అనుబంధం లేక మొత్తం పక్షుల కోసం ఏదైనా చేయాలనుకునేవారికి 1883 నుంచి ఉన్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వంటి పాత సంస్థల సభ్యత్వమే సులువైన దారి. మీ డబ్బు పరిశోధనకు, సర్వేలకు వెళ్తుంది, ఫలానా చెట్టు కింది వలకు వెళ్ళదు, అంతే తేడా.

కొన్ని చోట్ల చందా పుస్తకం తెరవడమే తొందరపాటు అవుతుంది. కలివి కోడి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లా పొదల్లో మళ్ళీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్టను చూపిస్తామని డబ్బు పోగుచేస్తే వచ్చే జనమూ టార్చిలైట్లే దానికి చేటు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల్లోకి చొచ్చుకొచ్చినప్పుడు అక్కరకు వచ్చింది విరాళం కాదు. అక్కడ తిరుగుతున్న పరిశోధకులు యంత్రాలను చూసి ఫిర్యాదు చేయడం, కాలువ దారి మళ్ళించడం. మీ ఊరి చెరువు మీదికి ఇళ్ళ స్థలాల రాళ్ళు వచ్చి ఉంటే, కొంగల చెట్టుకు గొడ్డలి గాటు పడి ఉంటే, ముందు తహసీల్దారు కార్యాలయంలో ఒకటి, అటవీ రేంజి అధికారికి ఒకటి అర్జీ పెట్టి, రెండింటి నకళ్ళ మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. దానికి రెండు కాగితాలు, బస్సు చార్జీ చాలు.